అథ జోకొట్టు శాస్త్రం: బహ్లా భాష్యం

మన పూర్వులు నిద్ర లేపడానికి పడిన తాపత్రయంలో పదోవంతు నిద్రపుచ్చడానికి పడి ఉంటే ఈ గ్రంథం రాయాల్సిన అవసరం వచ్చేది కాదు. మేలుకొలుపులకు భూపాల రాగం కేటాయించారు. సుప్రభాతాలు కట్టారు. కుంభకర్ణుణ్ణి లేపే ఘట్టంలో వాల్మీకి శంఖాలు, భేరీలు, ఏనుగులు, మాంసరాశులు అన్నీ దింపాడు. అదే కుంభకర్ణుణ్ణి నిద్రపుచ్చడానికి బ్రహ్మదేవుడి నోటిమాట ఒక్కటి సరిపోయింది. బ్రహ్మ సంగతి వేరు. మూడేళ్ల బుజ్జిగాడి పక్కన చేరిన తల్లిదండ్రుల దగ్గర ఉన్నవల్లా ఒక దిండు, ఒక దుప్పటి, పొద్దున్నే డ్యూటీ. వారి ఉపయోగార్థం ఈ శాస్త్రం ఆరంభమవుతోంది.

ఏ శాస్త్రానికైనా అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: పిల్లల నిద్ర. ప్రయోజనం: పెద్దల నిద్ర. సంబంధం: మొదటిది సిద్ధిస్తే గాని రెండోది లభించదు. ఇక అధికారి, అంటే ఈ శాస్త్రం చేపట్టడానికి అర్హత గలవారు ఎవరన్నది చివరి ప్రకరణంలో తేలుతుంది. ఇప్పుడే చెబితే తల్లులు ఒప్పుకోరు, తండ్రులు అసలే ఒప్పుకోరు.

దేశకాల ప్రకరణం

*సూత్రం: ఊరూ వేళా తెలియనివాడు జోకొట్టరాదు.*

ఊరు బహ్లా. ఒమాన్‌లో మస్కట్ నుంచి సుమారు 200 కిలోమీటర్లు లోపలికి, నిజ్వా దాటాక తగిలే పాత ఒయాసిస్. ఇక్కడి మట్టికోటను యునెస్కో 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒమాన్ నుంచి ఆ జాబితాకెక్కిన మొదటి చోటు అదే. మరుసటి ఏడే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాకూ ఎక్కింది. 2004లో గాని అందులోంచి దిగలేదు. పన్నెండో శతాబ్దం నుంచి పదిహేనో శతాబ్దం చివరిదాకా ఈ ప్రాంతాన్ని ఏలిన నభానీ వంశం వారి వైభవానికి గుర్తు ఆ కోట. ఊరి చుట్టూ దాదాపు 12 కిలోమీటర్ల మట్టిప్రహరీ. అంత గోడ చూసినవారికి నిద్రాదేవి ఊళ్లోకి ఎలా వస్తుందోనని సందేహం కలగవచ్చు. ఊళ్లోకి సులువుగానే వస్తుంది. ఆమె ఆగేది బుజ్జిగాడి గది గడప దగ్గర.

ఇక వేళ. ఒమాన్ గడియారం మన దేశపు గడియారం కన్నా గంటన్నర వెనక నడుస్తుంది. ప్రవాసాంధ్రుల నిద్రాభంగాలకు మూలకారణం ఇందులోనే ఉంది. బహ్లాలో ఎనిమిదింటికి బుజ్జిగాడి కళ్లు బరువెక్కుతాయి. ఆ ఘడియలో మన ఊళ్లో తొమ్మిదిన్నర. అమ్మమ్మ భోజనం అయింది, సీరియల్ అయింది, మనవడు గుర్తొచ్చాడు. వీడియో కాల్ మోగుతుంది. "బంగారుకొండా, పడుకున్నావా నాన్నా?" అని ఆవిడ అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్నే మార్చేస్తుంది.

కొలమానం విషయంలో స్థానిక శాస్త్రమే శరణ్యం. ఇక్కడి తోటలకు నీరిచ్చే ఫలజ్ కాలువల్లో వాటాలు కాలంతో కొలుస్తారు. ఒక వాటా పేరు అథర్, అంటే దాదాపు అరగంట ప్రవాహం. పగలు నీడను బట్టీ, రాత్రి చుక్కలను బట్టీ లెక్క చూసుకునేవారు. జోకొట్టేవారికి ఇంతకన్నా మంచి కొలత లేదు, ఎందుకంటే టైమెంతైందని ఫోను తీస్తే ఆ వెలుగుకు పిల్లవాడు లేచి కూర్చుంటాడు. కనుక ఈ శాస్త్రంలో ప్రమాణం అథరే. మామూలు రాత్రికి ఒక అథర్. చుట్టాలొచ్చిన రాత్రికి మూడు. పుట్టినరోజు కేకు తిన్న రాత్రిని లెక్కలో కలపరు.

ఫలజ్ వాటాకున్న మరో ధర్మం గమనించండి. మీ వంతు దాటిందంటే నీరు పక్క తోటకు పోతుంది, బతిమాలినా ఆగదు. నిద్రకూ వంతుంది. అలసిన పిల్లవాణ్ణి ఆ వేళ దాటనిస్తే నిద్ర రెట్టింపు కాదు. ఒళ్లు తనను తాను మేలుకొలుపుకుని కొత్త ఉత్సాహం తెచ్చుకుంటుంది. రాత్రి పదింటికి సోఫా మీంచి దూకే బాలుడికి నిద్ర లేదనుకోకండి. నిద్ర ఎక్కువై దూకుతున్నాడు.

ప్రమాణ ప్రకరణం

*సూత్రం: నిద్ర వస్తోందనడానికి గుర్తులు అనేకం, నమ్మదగినవి రెండే.*

పొగ ఉంటే నిప్పుంటుందన్న తర్కం పట్టుకుని, కళ్లు నులుముకుంటే నిద్ర వస్తోందని కొందరు నిర్ణయిస్తారు. ఇది హేత్వాభాసం. కంట్లో ఇసుక పడ్డా నులుముకుంటారు, బహ్లాలో ఇసుకకు కొరత లేదు. ఆవులింత కూడా నిలవదు, అది ఎదుటివారి నుంచి అంటుకున్నది కావచ్చు. అరటిపండు విరిగిపోయిందని, దాన్ని మళ్లీ అతికించమని ఏడిస్తే అది అసలైన హేతువు. ఏడుస్తూ ఏడుస్తూ నవ్వితే అది రెండోది.

"నాకు నిద్ర రావట్లేదు" అన్న పిల్లవాడి మాట శబ్దప్రమాణం అవుతుందా? కాదు. శబ్దం ప్రమాణం కావాలంటే చెప్పినవాడు ఆప్తుడై ఉండాలి. ఆ వేళకు వాడు మనకు ఆప్తుడు కాడు. పైగా పతంజలి తన యోగసూత్రాల్లో నిద్రను ఐదు చిత్తవృత్తులలో ఒకటిగా లెక్కగట్టి, వృత్తులను నిరోధించడమే యోగమన్నాడు. అడవులకెళ్లి తపస్సు చేసేవారికి దక్కని ఆ నిరోధం బుజ్జిగాడికి మంచమెక్కగానే కైవసమవుతుంది.

నిద్రపోయాడని తేల్చుకోవడం మరింత కష్టం. కథ చెబుతుంటే వాడు కొట్టే "ఊఁ" ఆగిపోవడాన్ని భాట్ట మీమాంసకులు, అద్వైతులు అంగీకరించిన ఆరో ప్రమాణం, అనుపలబ్ధి, కింద తీసుకోవచ్చు. ఊఁ వినబడలేదు గనక మెలకువ లేదు. అయితే పెద్దలు మెల్లగా లేచి తలుపు దాకా వెళ్లాక "తర్వాత?" అని వినబడిన సందర్భాలు కోకొల్లలు. అందుచేత నవ్యులు హస్తపరీక్ష చేర్చారు. చెయ్యి కాస్త ఎత్తి వదలాలి. బరువుగా పడితే నిద్ర. గాల్లో నిలబడితే నటన.

సాధన ప్రకరణం

*సూత్రం: నడక, నూనె, పాట, కథ, ఈ నాలుగూ ఉపాయాలు.*

సామ దాన భేద దండోపాయాలు ఇక్కడ పనిచేయవని అనుభవజ్ఞుల మాట. సామానికి మాటకు మాట వస్తుంది. దానానికి ఇంకొకటి అడుగుతాడు. భేదం ప్రయోగిస్తే అమ్మానాన్నల మధ్యే పుడుతుంది. దండానికి ఇల్లంతా లేస్తుంది. కాబట్టి వేరే చతుష్టయం.

మొదటిది నడక. జపాన్‌లోని రైకెన్ సంస్థలో కుమి కురోడా బృందం 2022లో దీని మీద పరిశోధన ప్రకటించింది. ఏడుస్తున్న పసిబిడ్డను ఎత్తుకుని ఐదు నిమిషాలు ఆగకుండా నడవాలి. నిద్రపోయాక వెంటనే దించకుండా మరో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. అప్పుడు పక్కమీద వేయాలి. బిడ్డ ఉలిక్కిపడి లేచేది పరుపు తగిలినప్పుడని మనం అనుకుంటాం. వారి పరిశీలనలో ఆ కలత బిడ్డ ఒళ్లు మన ఒంటి నుంచి విడివడే క్షణానే మొదలవుతుంది. మన అమ్మమ్మలు భుజాన వేసుకుని వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి తిరుగుతూ ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టారు, వ్యాసం ప్రచురించడం మరచిపోయారు. అయితే జపాన్ వారి పరీక్ష ఏడు నెలల లోపు పిల్లల మీద జరిగింది. మూడేళ్లవాడి మీద ప్రయోగిస్తే వాడు నిద్రపోతాడో లేదో గానీ తండ్రి నడుము మర్నాటికి లేవదు.

రెండోది నూనె. బహ్లా కుమ్మరులకు పెట్టింది పేరు. ఇక్కడి మట్టితో చేసిన జహ్లా అనే నీళ్లకుండను నీడన వేలాడదీస్తారు. కుండ ఒళ్లంతా సన్నగా చెమర్చి, ఆ చెమ్మ ఆవిరై, లోపలి నీళ్లు చల్లబడతాయి. నిద్రకు ముందు మనిషి ఒళ్లూ ఇలాగే లోపలి వేడిని బయటకు పంపుకుంటుంది, కాకపోతే దారి వేరు: చేతులు, పాదాల్లో రక్తనాళాలు విచ్చుకుని అక్కడి నుంచి వేడి పోతుంది. పాదాలు ఎంత వెచ్చబడితే నిద్ర అంత త్వరగా పడుతుందని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు 1999లో పెద్దవాళ్ల మీద పరీక్షించి చెప్పారు. అరికాళ్లకు నూనె రాసి అరచేత్తో రుద్దే మన నాయనమ్మలది ఏ పక్షమో చెప్పనక్కర్లేదు. 2009లో అమెరికాలో జోడీ మిండెల్ బృందం 405 మంది తల్లులతో చేసిన పరిశోధన కూడా స్నానం, మర్దన, తర్వాత సందడి లేని పనులు, రోజూ ఇదే వరస పాటిస్తే పిల్లలు త్వరగా నిద్రపోయారని తేల్చింది. వరస అన్న మాట మీద దృష్టి పెట్టాలి. ఇక్కడి శుక్ర, శని సెలవుల పేరుతో గురువారం రాత్రి వరస తప్పిన ఇంట్లో ఆదివారం రాత్రికి కూడా శాంతి ఉండదు.

మూడోది పాట. దీని ప్రాశస్త్యానికి తిరుమలే సాక్షి. రాత్రి ఏకాంత సేవలో భోగ శ్రీనివాసమూర్తిని పాన్పు మీద చేర్చి, పాలు, పండ్లు నివేదించి, తాళ్లపాక వంశీకులు అన్నమయ్య జోల పాడతారు. ధనుర్మాసంలో ఆ పాన్పు శ్రీకృష్ణుడికి దక్కుతుంది. త్యాగయ్య సైతం ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో రాముడికి లాలులు కట్టాడు. లోకాలను నిద్రపుచ్చే దేవుడికే పాట లేనిదే నిద్ర రాదంటే, బుజ్జిగాడు రెండు పాటలడగడం అత్యాశ కాదు. ఒక చిన్న భేదం. స్వామి రెండోసారి మంచినీళ్లు అడగడు.

నాలుగోది కథ. తెలుగు పిల్లలకు తరతరాలుగా ఏడు చేపల కథే మందు. తార్కికంగా ఇది ప్రౌఢమైన రచన. చేప ఎండకపోవడానికి కారణం గడ్డిమోపు అడ్డం రావడం, దానికి కారణం ఇంకొకటి, దానికి మరొకటి. ప్రశ్నలు అనవస్థా దోషం వైపు పరుగెత్తుతుంటే చివర చీమ అడ్డుపడి శాస్త్రమర్యాద కాపాడుతుంది. కానీ ఈ కథ బహ్లాలో నిలవడం లేదు. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో పెరిగిన పిల్లవాడు మొదటి మెట్టు దగ్గరే ఆక్షేపణ లేవదీస్తాడు: ఈ ఎండలో చేప ఎందుకు ఎండదు? ఒమాన్ తీరంలో చేపలు ఎండబెట్టడం తరతరాల పని. ఎండు చేప వాడికి ప్రత్యక్షం, గడ్డిమోపు పరోక్షం. ప్రత్యక్షానికి విరుద్ధమైన అనుమానం చెల్లదు కనుక నాన్న ఓడిపోతాడు. కథ అక్కడ ఆగుతుంది, నిద్ర కూడా.

నిషేధ ప్రకరణం

*సూత్రం: బూచి వద్దు, ఫోను వద్దు, లేపడం అసలే వద్దు.*

బూచాణ్ణి పిలిచి నిద్రపుచ్చే పద్ధతి మన ఊళ్లో కొంతవరకు చెల్లుబాటైంది. బహ్లాలో అది ప్రమాదకరం. ఒమాన్ అంతటా ఈ ఊరికి జిన్నుల ఊరని పేరు. సంతలోని ఒక చెట్టును జిన్నులు ఎత్తుకుపోకుండా గొలుసులతో కట్టారని కథలు చెప్పుకుంటారు. కాబట్టి ఇక్కడి పిల్లవాడికి బూచాడి పేరు చెబితే, వాడు ఆ చెట్టు దగ్గర ఉంటాడా, గొలుసు తెంపుకోగలడా, మన ఇంటి నంబరు తెలుసా అని వరసగా అడుగుతాడు. భయపడ్డవాడు కళ్లు మూసుకుంటాడే గానీ నిద్రపోడు. ఆ కళ్లు మళ్లీ తెరుచుకునేది మీ మంచం పక్కనే.

ఫోను విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్ల లోపు పిల్లల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు, నాలుగేళ్లవాళ్లకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర. కూర్చుని తెర చూడటం గంటకు మించరాదు, తగ్గితే ఇంకా మంచిది. ఇంతకూ ఇంట్లో తెర చూసేది ఎవరు? చీకట్లో పిల్లవాడి వీపు మీద ఒక చేత్తో జోకొడుతూ, రెండో చేత్తో తల వెనక ఫోను పట్టుకున్న తండ్రి ముఖం నీలంగా వెలుగుతుంటుంది. జో తాళం తప్పుతుంది. చెయ్యి నిలిచిపోతుంది. అంతలో కిందినుంచి ప్రశ్న: "నాన్నా, ఏం చూస్తున్నావ్?"

లేపడం గురించి భాగవతం హెచ్చరించి ఉంది. ముచికుందుడు ఎన్నో యుగాల పాటు దేవతల పక్షాన యుద్ధం చేసి, నిద్రను వరంగా కోరుకుని గుహలో పడుకున్నాడు. కాలయవనుడు వచ్చి కాలితో తన్ని లేపాడు. ముచికుందుడు కళ్లు తెరిచి చూసేసరికి కాలయవనుడు బూడిదయ్యాడు. పడుకున్న పిల్లవాడి గదిలో చార్జరు కోసం వెతుక్కునేవారూ, ముద్దొస్తున్నాడని బుగ్గ పట్టుకునే బంధువులూ ఈ ఘట్టాన్ని పారాయణ చేయాలి.

పూర్వపక్ష సిద్ధాంత ప్రకరణం

పాశ్చాత్యుల పూర్వపక్షం ఇది: నిద్రపుచ్చడమనే క్రియే అనవసరం. బోస్టన్ వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ 1985లో ఒక పుస్తకం రాశాడు. బిడ్డను మెలకువగా ఉండగానే పక్కమీద వేసి బయటికి రావాలి. ఏడిస్తే కాసేపాగి వెళ్లి ఊరడించి మళ్లీ రావాలి. ఆగే వ్యవధి పెంచుకుంటూ పోవాలి. కొన్నాళ్లకు బిడ్డ తనంతట తనే నిద్రపోతుంది. చాలా ఇళ్లలో ఇది పనిచేసిందని మనమూ ఒప్పుకుందాం. అయితే ఈ పద్ధతికి వేరే గది, గట్టి తలుపు, పక్కవాటాలో తెలుగువాళ్లు లేకపోవడం అనే మూడు సామగ్రులు కావాలి. పక్కవాటాలో తెలుగువాళ్లుంటే బిడ్డ ఏడ్చిన రెండో నిమిషానికి తలుపు తడతారు, ఐదో నిమిషానికి వామువాటర్ ఇస్తారు, పొద్దున్నకి ఆ వార్త రాజమండ్రి చేరుతుంది.

మరైతే సిద్ధాంతం? మన వాఙ్మయంలోనే ఉంది. జనం చెప్పుకునే కథలో శ్రీకృష్ణుడు సుభద్రకు పద్మవ్యూహం వివరిస్తున్నాడు. వ్యూహంలోకి వెళ్లే మార్గం చెప్పాడు. బయటికి వచ్చే మార్గం మొదలెట్టేలోగా సుభద్ర నిద్రపోయింది. కడుపులోని బిడ్డ మాత్రం ఊఁ కొడుతూనే ఉన్నాడు. తల్లి నిద్రపోయి బిడ్డ మేలుకున్న మొదటి ఉదంతం ఇది. ఆ తర్వాత ప్రతి తెలుగింట్లో రాత్రి ఎనిమిదిన్నరకు జరుగుతున్నదీ ఇదే. కథ చెప్పే నాన్న గురక పెడతాడు, బుజ్జిగాడు ఆ గురకకు ఊఁ కొడతాడు.

ఈ ఉదంతాన్ని వైఫల్యంగా చూసినవాళ్లే అంతా. ఈ భాష్యకారుడు దాన్ని సిద్ధాంతంగా స్వీకరిస్తున్నాడు. నాన్న గురక మొదలైన కాసేపటికి బుజ్జిగాడి ఊఁ కూడా ఆగిపోతుంది. కారణం వెతికితే చిక్కుతుంది. అంతకుముందు ఆ గదిలో ఒక పెద్దమనిషి ఉన్నాడు, వాడికి లేచి వెళ్లాలని ఉంది. అంట్లున్నాయి, ఆఫీసు మెయిలుంది, క్రికెట్ ఉంది. పిల్లవాడు ఆ తొందర పసిగట్టి కాపలా కాస్తున్నాడు. నాన్న నిద్రపోగానే ఇక పారిపోయేవాడెవడూ లేడు. కాపలా ఎత్తేశాడు. అందుచేత ప్రధాన సూత్రం:

*నిద్రపుచ్చేవారికి మరో పని ఉన్నంతసేపూ బిడ్డ నిద్రపోదు.*

అధికారి ప్రకరణం

వాయిదా వేసిన ప్రశ్నకు వచ్చాం. ఈ శాస్త్రానికి అధికారి ఎవరు? బహ్లా లాంటి ఊళ్లలో ఇతరుల పిల్లలను నిద్రపుచ్చే పనిలో మన గోదావరి జిల్లాల నుంచీ, కడప వైపు నుంచీ వచ్చిన ఆడవాళ్లు ఉంటారు. గల్ఫ్ వెళ్లివచ్చిన కుటుంబాల్లో ఆ పనికి ఖద్దామా అని పేరు. వీరి విషయంలో భారత ప్రభుత్వం కూడా అధికారిని నిర్ణయించింది. ఈసీఆర్, అంటే వలస అనుమతి తప్పనిసరైన, పాస్‌పోర్టుతో ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలి. ఆ వయసుకు చాలామందికి సొంత పిల్లలుంటారు. వాళ్లను అమ్మమ్మ దగ్గర ఉంచి, వేరే ఇంటి బిడ్డను భుజాన వేసుకుంటారు.

ఆ ఇంటి బిడ్డకు తెలుగు రాదు. జోలకు అదేమీ అడ్డం కాదు. ఎన్నడూ వినని భాషలోని జోలపాటలు విన్నా పసిపిల్లల గుండెవేగం నెమ్మదిస్తుందని హార్వర్డ్ పరిశోధకులు 2020లో ప్రకటించారు. తెలుగు లాలి అరబ్బీ ఇంట్లో చెల్లుబాటు కావడానికి అంతకన్నా ఆధారం అక్కర్లేదు.

ఇక్కడే మన ప్రధాన సూత్రానికి భంగం కలుగుతోంది. జోకొట్టే ఈ ఆడమనిషి మనసులో మరో పని లేదా? ఉంది. బహ్లాలో ఏడున్నర అంటే ఆమె ఊళ్లో తొమ్మిది. తన బిడ్డ పడుకునే వేళ అది. చేతులు ఇక్కడి బిడ్డ వీపు మీద, చెవులు అక్కడి ఏడుపు మీద. సూత్రం ప్రకారం ఈ బిడ్డ నిద్రపోకూడదు. అయినా నిద్రపోతుంది. శాస్త్రం చెప్పినదాన్ని దాటి పని జరిపించేవారినే అధికారి అంటారు. తల్లులు, తండ్రులు, వ్యాఖ్యాతలు ఆమె తర్వాతే.

ఫలశ్రుతి

ఈ శాస్త్రాన్ని త్రిసంధ్యలా పఠించిన తండ్రికి అరికాలి నూనె జిడ్డు అంటుతుంది. పఠించిన తల్లికి ఒక రాత్రి భోజనం వేడిగా దొరుకుతుంది. అమ్మమ్మ పఠిస్తే బహ్లా ఆరింటికి, అంటే తన ఏడున్నరకు, సీరియల్ మొదలవకముందే ఫోను చేస్తుంది. కొత్తగా పెళ్లయినవారు పఠించరాదు. ప్రతి రాత్రీ ఒకే వేళకు దీపం తీయండి, ఫోను వేరే గదిలో పెట్టండి, లేవాల్సిన పనేదీ లేనట్టు పక్కన పడుకోండి. మిగిలినది బిడ్డ చూసుకుంటుంది.

ఇక ఒక్క విధి మిగిలింది, దీనికి వికల్పం లేదు. ఒమాన్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ మీ బిడ్డను జీతానికి ఎవరైనా నిద్రపుచ్చుతుంటే, ఆమె పిల్లలు పడుకునే వేళ ఎప్పుడో అడిగి తెలుసుకోండి. ఆ వేళకు బిడ్డను మీరు ఎత్తుకోండి, ఫోను ఆమెకివ్వండి. జీతం ఒకటో తారీఖున ఇవ్వండి.